సున్నమత్త తుడిచిన గోడ

సున్నమత్తకు ఆ వాడలో తెలియని గది లేదు. మనుషులు తెలుసా అంటే చెప్పలేం గానీ గదులు మాత్రం తెలుసు. నలభై ఏళ్లు జనం ఇళ్లకు వెల్ల వేసిన మనిషి. వెల్ల వేయాలంటే సామానంతా బయట పెట్టాలి, అప్పుడు బయటపడుతుంది ఇంటి అసలు మొహం. బీరువా వెనక చెమ్మ, మంచం పక్కన నూనెతల ఆనిన మరక, పటం తీసేస్తే కనబడే పగులు, తలుపు చాటున పిల్లలు గీసిన గీతలు. వీధిలో గొప్పలు పోయే ఇల్లాలి వంటింటి మూల ఎంత నల్లగా ఉంటుందో ఆవిడకు తెలుసు. తెలిసినా ఎవరితోనూ అనలేదు. నోరు మంచిదై కాదు, అనడానికి ఎవరూ లేక.

ఒకప్పుడు ఉండేది, తోటికోడలు. ఇద్దరి మొగుళ్లూ తొందరపడి పోయారు, పిల్లలు కలగలేదు. మిగిలింది ఒక నిచ్చెన, రెండు కుంచెలు, ఒక తొట్టె. ఇరవై ఎనిమిదేళ్లు ఇద్దరూ ఆ ఒక్క నిచ్చెన మీదే బతికారు. ఒకళ్లు పైన, ఒకళ్లు కింద. పైనున్నావిడ కిందున్నావిడ నెత్తిన సున్నం చిందించడం, కిందున్నావిడ నిచ్చెన వదిలేస్తానని బెదిరించడం రోజూ ఉండేదే. తిట్టుకోని రోజు లేదు, విడిచి ఉన్న రోజూ లేదు. నాలుగేళ్ల కిందట తోటికోడలు జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. నిచ్చెన పట్టుకునే మనిషి లేక సున్నమత్త నిచ్చెన ఎక్కడం మానేసింది. చెయ్యి అందినంత వరకే వేసేది.

"పై సగం ఎవరేస్తారు?" అని అడిగినవాళ్లతో, "మీరు తలెత్తి చూసేదెప్పుడు గనక? కింద సగం చాల్లే" అనేది.

అలాంటి నోరు పెట్టుకుని పనులు రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? పైగా డబ్బాల్లో రంగులొచ్చాయి, రోలర్లు పట్టుకున్న కుర్రాళ్లొచ్చారు. ఒక్కో వారం ఆవిడ గొంతు విన్నది టీ కొట్టువాడొక్కడే. వాడితోనూ రెండే మాటలు. "ఒకటియ్యి", "చక్కెర తక్కువ". ఒకరోజు పొద్దున ఆ రెండు మాటలు కూడా పైకి రాక, దగ్గి గొంతు సవరించుకోవలసి వచ్చింది. మూడు రోజులుగా నోరు తెరవలేదని ఆవిడకు అప్పుడు తట్టింది. టీ తాగి గ్లాసు అక్కడ పెట్టి, ఎవరో చూసినట్టు సిగ్గుపడి వచ్చేసింది.

ఆవిడ గది ఒక సందు చివర ఉంది. తలుపు తీస్తే ఎదురుగా గోడ. మూడు బారల దూరం కూడా ఉండదు. మున్సిపాలిటీ ఆఫీసువాళ్ల గోడ అది. దాని వెనక ఒకప్పుడు పెద్ద గోదాం ఉండేది, కూలగొట్టి వదిలేశారు. లోపలికి వెళ్లాలంటే రెండు వీధులు చుట్టి అటువైపు గేటు దగ్గరికి పోవాలి. లోపల ఏముందో సున్నమత్త ఎన్నడూ చూడలేదు. పొద్దున లేస్తే ఆ గోడ, సాయంత్రం కూర్చుంటే ఆ గోడ. ఎదుటివాళ్ల మొహం చూసినట్టే దాన్ని చూస్తూ గడిపేది.

ఒక బుధవారం పూట ఆఫీసు గుమాస్తా సందులోకి వచ్చాడు. చెప్పులకు బురద అంటుతుందని కాళ్లు ఎత్తెత్తి వేస్తూ వచ్చాడు.

"అత్తా, ఈ గోడకి వెల్ల వెయ్యాలి. రెండు పూతలు. సోమవారం పెద్దాఫీసరమ్మ వస్తోంది. ఆవిడ వచ్చేసరికి గోడ పాలలా మెరవాలి. ఒక్క మరక కనబడిందా, నీ పని పోతుంది, నా పని పోతుంది."

"నువ్వు పని ఎప్పుడు చేశావు గనక పోవడానికి?"

"నీ నోటికి దండం. గోడ ఎత్తు నీ చెయ్యి అందేంతే ఉంది, అందుకే నీ దగ్గరికొచ్చా. లేకపోతే నిన్నెవరు పిలుస్తారు?"

అది నిజమే గనక ఆవిడ కుంచె వెతుక్కోవడానికి లేచింది. గుమాస్తా చెప్పవలసిన ఇంకో ముక్క చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ ముక్క ఏమిటంటే, ఆ గోడను తెల్లగా చేయమన్నది అందం కోసం కాదు. గోదాం స్థలాన్ని ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. లారీల షెడ్డుకు ఇవ్వాలని కొందరు తిరుగుతున్నారు. పెద్దాఫీసరమ్మ మాత్రం ఒక కాగితం రాసి పంపింది. వాడలో పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లందరూ, తాము పెద్దవాళ్లయ్యేసరికి ఈ చోటు ఎలా ఉండాలనుకుంటున్నారో ఆ గోడ మీద రాయాలి. సోమవారం తానే వచ్చి చదువుతుంది. గోడ ఖాళీగా ఉంటే లారీలకే. గుమాస్తా ఆ కాగితాన్ని గేటు పక్కన, ఎవరూ నిలబడని చోట అంటించి చేతులు దులుపుకున్నాడు. పిలిచామని లెక్క ఉంటుంది, ఎవరూ రాకుండానూ ఉంటారు. సున్నమత్త ఆ గేటు వైపు పోయే మనిషి కాదు. పోయినా చదవలేదు. రెండో తరగతిలో ఆగిన చదువు. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది గానీ, నాలుగు ఒకచోట చేరితే తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలా నిలబడిపోతుంది.

గురువారం తెల్లవారగానే మొదటి పూత వేసింది. ముందు రోజే సున్నపు గుల్ల నీళ్లలో వేసి ఊరబెట్టింది. అది కుతకుత ఉడికి చల్లారాక, వడకట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలిపింది. గోడ తడిపి, కుంచె ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా ఆడించింది. ఎండ గోడ మీదికి రాకముందే పని అయిపోవాలి, లేకపోతే పూత పొడి రాలుతుంది. ఈ సంగతులు రోలరు కుర్రాళ్లకు చెబితే నవ్వుతారు. వాళ్లు వేసిన గోడలు రెండు వానలకే పెచ్చులూడితే అప్పుడు ఈవిడ నవ్వుతుంది. ఒక్కతే నవ్వుతుంది, అదీ ఇంట్లో.

శుక్రవారం రెండో పూతకు గుల్ల చాలక ఊరవతలి బట్టీకి వెళ్లింది. బస్సు దొరక్క, తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. సందులో దీపం లేదు. తలుపు తీసుకుని పడుకుంది.

శనివారం పొద్దున తలుపు తీసింది. గోడ నిండా బొగ్గు. రంగు సుద్ద. వంకర టింకర గీతలు, పెద్దవీ చిన్నవీ అక్షరాలు, ఒకచోట ఇల్లు బొమ్మ, ఒకచోట చెట్టో గొడుగో తెలియని బొమ్మ. గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.

సున్నమత్త ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్ల నుంచి చూస్తోంది ఈ బాపతు వాళ్లను. తెల్లగోడ కనబడితే చెయ్యి ఊరుకోదు. ఫలానావాడు ఫలానాదాన్ని ప్రేమిస్తున్నాడని, ఫలానావాడు గాడిదని.

"మీ చేతులు పడిపోను! నిన్న కాక మొన్న వేసిన పూత!" అని గోడకే తిట్టింది, వినేవాళ్లు ఇంకెవరూ లేరు గనక.

తరవాత ఆవిడ చేసిన పని, చేతకానివాళ్లెవరైనా చేసి ఉంటే సగం రాత మిగిలేది. మామూలువాళ్లు బొగ్గు మీదే పూత వేసేస్తారు, నాలుగు రోజులకు నల్లగా పైకి ఉబికి వస్తుంది. సున్నమత్త అలాంటి పని చేస్తుందా? కొబ్బరి పీచుతో అక్షరం అక్షరం రుద్దింది. నీళ్లు కొట్టి కడిగింది. మళ్లీ రుద్దింది. ఎక్కడా మసి జాడ లేదని అరచేత్తో తడిమి చూసుకుని, అప్పుడు రెండో పూత దట్టంగా వేసింది. సున్నం తడిగా ఉన్నప్పుడు తెలుపు కనబడదు, ఆరేకొద్దీ తేలుతుంది. తొమ్మిది గంటలకు గోడ పాలలాగే మెరిసింది. ఇంత బాగా కుదిరిన గోడ ఈ మధ్య ఒక్కటీ లేదు. గుమ్మంలో కూర్చుని, తోటికోడలు చూసి ఉంటే ఏ వంక పెట్టి ఉండేదా అని ఆలోచిస్తూ మురిసిపోయింది.

పది గంటలకు ముగ్గురు పిల్లలు సందులోకి వచ్చారు. ముందు జెరాక్స్ షాపులో పనిచేసే అమ్మాయి, పందొమ్మిదేళ్లుంటాయి. వెనక పంక్చర్లు వేసే పొడుగోడు. ఇంకో పిల్ల కుట్టుమిషను నేర్చుకుంటోంది. చేతుల్లో ఫోన్లు పైకెత్తి పట్టుకుని వస్తూ వస్తూ ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది ఆ గోడేనా?" అంది జెరాక్స్ అమ్మాయి.

"ఇంకో గోడ ఎక్కడుంది?"

"నిన్న పదకొండు మందిమి రాశాం కదరా!"

"రాశాం. తుడిచేశారు. నేను చెప్పలేదూ? పిలిచినట్టే పిలిచి తుడిచేస్తారని చెప్పలేదూ? నువ్వే ఇంటింటికీ తిరిగి రండి రండి అని లాక్కొచ్చావు. కాగితం చదివిన దానివి నువ్వొక్కదానివే."

"ఫోటో ఉందిగా నీ దగ్గర?"

పొడుగోడు ఫోన్ చూపించాడు. కుట్టుమిషను పిల్ల తొంగి చూసి, "నీ మొహమే ఉంది కదరా ఇందులో! చెవి వెనకాల ఒక్క అక్షరం కనబడుతోంది" అంది. ఎవరూ నవ్వలేదు.

"ఈసారి ఎవడైనా మీ అభిప్రాయం చెప్పండి అంటే కొడతా. లారీలొస్తాయి, పొగ పీలుద్దాం, పదండి."

వెళ్లిపోయారు. జెరాక్స్ అమ్మాయి మాత్రం ఒక్క క్షణం ఆగి, గోడ మీద ఒకచోట వేలితో తాకి చూసింది. వేలికి సున్నం అంటితే లంగాకు తుడుచుకుని వెళ్లింది. సున్నమత్త గుమ్మంలోనే ఉంది. ఆవిడను ఎవరూ చూడలేదు. గోడకు ఎదురుగా కూర్చునే మనిషి కొన్నాళ్లకు గోడలాగే కనబడకుండా పోతుంది కాబోలు.

తాను తుడిచింది పోకిరీ రాతలు కాదని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆ పనికి పెట్టినంత శ్రద్ధ ఈ ఏడాదిలో ఇంకే పనికీ పెట్టలేదు.

మధ్యాహ్నం గుమాస్తా వచ్చాడు. గోడ చూశాడు, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొహం విప్పారింది.

"భలే చేశావు అత్తా! పిల్లలొచ్చి నా మీద ఎగిరారులే, ఎవరు తుడిచారని. నాకేం తెలుసు, వానకు పోయిందేమో అన్నా."

"వానెక్కడుంది?"

"ఉండక్కర్లేదులే. పెద్దాఫీసరమ్మ వచ్చేసరికి గోడ ఇలాగే ఉండనీ. ఈ కాలం పిల్లలకు చెప్పుకోడానికి ఏం లేదండీ, ఎంత పిలిచినా రాలేదండీ అంటాను. నువ్వు నోరు మెదపకు. ఏడాది పొడుగునా ఆఫీసు గోడలన్నీ నీకే. కింద సగం నీకు, పై సగం వేరేవాళ్లకు, సరేనా?"

అని ఆవిడ భుజం మీద తట్టి మరీ వెళ్లాడు. నలభై ఏళ్లలో ఆవిడ పనిని ఎవరూ నోరారా మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకున్నది దీన్ని. తట్టిన చోట భుజం మీద చీర కొంగుతో గట్టిగా తుడుచుకుంది, పేడ అంటినట్టు.

ఆ రాత్రి నిద్రపట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. పొద్దున గోడంతా రుద్దిన ఒళ్లు, పడుకోగానే నిద్రపోయింది. కష్టమంతా లేచాక మొదలైంది. మాట్లాడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పిల్లలు గుమాస్తాను తిట్టుకుంటారు, వాడు తిట్లు తినదగినవాడే. ఏడాది పాటు పని. ఆవిడ తప్పు పని చేసిందని ఇంతవరకు ఈ వాడలో ఎవరూ అనలేదు, ఇక ముందూ అనరు. మాట్లాడితే? నవ్వుతారు. చదువురాని ముసల్ది, రాతేదో గీతేదో తెలియక కడిగేసింది అంటారు. ఆవిడకు తెలిసిన మాటల్లో అన్నిటికన్నా చేదు మాట అది. చదువురాదని తనే పదిసార్లు అనుకుంటుంది గానీ ఇంకొకరి నోటి వెంట ఒక్కసారి కూడా రానివ్వలేదు.

టీ తాగకుండానే బయల్దేరింది. ఆదివారమైనా జెరాక్స్ షాపు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. అమ్మాయి మిషను ముందు కూర్చుని ఉంది.

"ఏం కాపీ తియ్యాలి అత్తా?"

"ఏం లేదు."

"మరి?"

"ఆ గోడ తుడిచింది నేను."

అమ్మాయి చెయ్యి మిషను మీదే ఆగిపోయింది. లోపల కాగితం ఒకటి గరగరమంటూ వచ్చి కింద పడింది.

"గుమాస్తా తుడవమన్నాడా?"

"లేదు. నేనే తుడిచాను. పోకిరీ రాతలనుకున్నాను. చదవలేదు." కాస్త ఆగింది. "చదవడం రాదు."

ఆ మాట బయటికి వచ్చేసింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. మిషను గుర్రుమంటూనే ఉంది.

"అయితే ఇప్పుడెందుకు చెబుతున్నావ్? వాళ్లు గుమాస్తా చేశాడనే అనుకుంటున్నారుగా?"

"వాడు చేస్తే వాడి పేరు చెబుదును. చేసింది నేను. మీ రాతలు తుడిచెయ్యమని నాకెవరూ చెప్పలేదు, అది మీకు తెలియాలి. మళ్లీ రాయండి."

అమ్మాయి మొహం ఎర్రబడింది. "మళ్లీ రాయండి అంటే అయిపోయిందా అత్తా? నీకేం తెలుసు, వాళ్లను ఒక్కసారి తీసుకురావడానికి నేనెంత బతిమాలానో! ఒక్కొక్కడూ రాసేదేముంది, ఎవడు చదువుతాడు అని. మా అమ్మ కూడా అదే మాట."

"తిట్టు. పడతాను. సాయంత్రం నాలుగింటికి ఎవరొస్తే వాళ్లను తీసుకురా. సున్నం ఆరింది, రాయొచ్చు."

పదకొండు మందిలో అయిదుగురు వచ్చారు. అది కూడా కుట్టుమిషను పిల్ల చెవులు పట్టి లాక్కొస్తే. సున్నమత్త గోడ ముందు నిలబడి, అందరికీ వినబడేట్టు, తుడిచింది తనేనని ఇంకోసారి చెప్పింది. రెండోసారి కూడా మొదటిసారి ఉన్నంత కష్టంగానే ఉంది.

"నీకు కళ్లు లేవా?" అన్నాడు పొడుగోడు.

"ఉన్నాయి. అక్షరాలు లేవు."

వాడు గోడకు చేరగిలబడబోతే, "ఒరేయ్, చొక్కాకి సున్నం! జరుగు!" అని అరిచింది. ఉలిక్కిపడి జరిగాడు.

బొగ్గు ముక్కలు చేతుల్లోకి తీసుకున్నారు. ఎవరి చెయ్యీ కదలలేదు. మొన్నటి ఊపు లేదు. రాసిందే మళ్లీ రాయడం, పెళ్లి అయిపోయాక మళ్లీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టుంది వాళ్లకు.

"ఏం రాశావురా మొన్న?" అని పొడుగోణ్ణి అడిగింది సున్నమత్త.

"ఇక్కడ బాగుండాలి అని రాశా."

"బాగుండాలంటే?"

"బాగుండాలంటే బాగుండాలి. అందరూ అలాగే రాస్తారు."

"దాన్ని తుడిచినందుకా నా మీద ఎగిరావు? ఇల్లు కట్టించుకునేవాడు మేస్త్రీతో బాగుండాలి అని చెప్పి పడుకుంటే వాడేం కడతాడు? నీకేం కావాలి?"

వాడు కాసేపు కాలితో మట్టి గెలికాడు. "షెడ్డు. లారీలకు కాదు. మా ఓనరు పనిముట్లు ముట్టుకోనివ్వడు, పంక్చర్లు తప్ప. ఇంజను విప్పి చూసుకోడానికి, నేర్చుకోడానికి ఒక చోటు."

"కప్పు ఎంత ఎత్తు? వాన ఎటునుంచి కొడుతుంది ఇక్కడ?"

"నాకేం తెలుసు?"

"పడమటి నుంచి. నలభై ఏళ్లు గోడలు తడవడం చూశాను. పడమర మూసెయ్యి, తూర్పు వదులు. అది రాయి."

వాడు నోరు తెరుచుకుని చూసి, బొగ్గు పట్టుకుని గోడ వైపు తిరిగాడు.

"నువ్వు?" అని జెరాక్స్ అమ్మాయిని అడిగింది.

"చదువుకోడానికి గది అని రాశాను."

"మీ ఇల్లు నాకు తెలుసు. అయిదేళ్ల కిందట వేశాం, నేనూ మా తోటికోడలూ. ఒక్క గది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. పగలు కూడా దీపం ఉండాలి. ఎంతమంది పడుకుంటారందులో?"

"ఆరుగురం."

"మరైతే ఈ గదికి కిటికీ ఎటు పెడతావ్?"

అమ్మాయి కళ్లు మూసుకుంది. నవ్వబోయి ఆపుకుంది. "ఉత్తరం వైపు. ఎండ కళ్లలో పడకుండా వెలుతురు రావాలి. రెండు కిటికీలు. నిలబడితే బయట మనుషులు కనబడాలి, కూర్చుంటే కనబడకూడదు."

"అబ్బో! మొన్న ఇదంతా రాశావా?"

"లేదు. ఇప్పుడే తట్టింది."

"ఎన్ని అడుగులు?"

ఇక అక్కడి నుంచి గొడవ మొదలైంది. పన్నెండు అడుగులని ఒకరు, పన్నెండు కోళ్లగూడుకు చాలదని ఇంకొకరు. బల్లలు ఎన్ని పడతాయి, తలుపు ఎటు, నీళ్ల కుళాయి గదికి దగ్గరా షెడ్డుకు దగ్గరా. కుట్టుమిషను పిల్ల తనకూ ఆ గదిలోనే ఒక మూల కావాలంది, మిషను చప్పుడు చదువుకు అడ్డమని జెరాక్స్ అమ్మాయి అంది, మధ్యలో గోడ కట్టమని సున్నమత్త తీర్పు చెప్పింది. బొగ్గు చాలకపోతే ఆవిడ నీలిమందు బంకతో కలిపి, తన కుంచె తెచ్చి ఇచ్చింది. ఆ కుంచెను తోటికోడల్ని కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

ఆరింటికి గోడ నిండింది. అప్పుడు జెరాక్స్ అమ్మాయి అడిగింది, "నీకేం కావాలి అత్తా?"

"నాకేం కావాలి? నేను సున్నం వేసేదాన్ని."

"చెప్పు. మమ్మల్నందర్నీ పోలీసులా అడిగావుగా."

సున్నమత్త గోడ వంక చూసింది. అడిగినవాళ్లు లేక, అంతవరకు ఆ ఆలోచనే రాలేదు. ఎదుటివాళ్ల గదులకు కిటికీలు ఇటు, తలుపులు అటు అని చెప్పగలిగిన నోరు, తన దగ్గరికి వచ్చేసరికి మూగబోయింది. తన గుమ్మంలోకి వెళ్లి నిలబడి, ఎదురుగా గోడ వైపు వేలు చూపించి అంది:

"ఈ గోడ ఇక్కడ పగలగొట్టాలి. నా తలుపుకెదురుగా. ఒక మనిషి పట్టేంత."

"గోడ పగలగొట్టమంటోంది సున్నమత్త!" అని పొడుగోడు పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. జెరాక్స్ అమ్మాయీ నవ్వలేదు.

"కాగితంలో వయసు ఇరవై అయిదు లోపని ఉందత్తా."

"అయితే నీ మాటల్లో కలిపి రాయి."

అమ్మాయి అన్నిటికన్నా కింద, మిగిలిన కాస్త చోటులో రాసింది.

సోమవారం పెద్దాఫీసరమ్మ వచ్చింది. గుమాస్తా ఆవిడ పక్కనే నడుస్తూ, పిల్లలు రాలేదండీ అన్న మాట నాలుక చివర పెట్టుకుని సందులోకి తిరిగాడు. గోడ చూశాక ఆ మాట మింగాడు. గొంతు కదలడం సున్నమత్త గుమ్మంలోంచి స్పష్టంగా చూసింది. పనిపాటలున్న రోజు గనక ఇద్దరే వచ్చారు, జెరాక్స్ అమ్మాయి, పొడుగోడు. ఆఫీసరమ్మ ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క ముక్క వదలకుండా చదివింది. పడమర మూయాలి అన్నచోట ఆగి, "ఇది ఎవరు చెప్పారు?" అంది. పొడుగోడు గుమ్మం వైపు చూపించబోతే, సున్నమత్త ఉరిమి చూసింది.

"ఇదేమిటి, గోడకు కన్నమా?"

"దారండీ" అంది జెరాక్స్ అమ్మాయి. "గేటుకి వెళ్లాలంటే రెండు వీధులు చుట్టాలి. దారి లేకపోతే లోపలికి ఎవరొస్తారు?"

ఆఫీసరమ్మ గది కట్టిస్తాననలేదు, షెడ్డు వేయిస్తాననలేదు. అలా అనేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు ఓట్లప్పుడు వస్తారు. ఆరు నెలలు స్థలాన్ని ఎవరికీ ఇవ్వనంది. ఆరు నెలల్లో మీరు దాన్ని వాడుతున్నారని, చూసుకుంటున్నారని కనబడితే గదికి కాగితం తానే రాస్తానంది. రాళ్లు, ముళ్లు అలాగే ఉంటే లారీలకే. వెళ్తూ వెళ్తూ గుమాస్తాతో దారి మాత్రం ఈ వారమే తీయించమంది. అన్నిటిలోకీ చవకైనది అదే.

గురువారం ఇద్దరు మనుషులు గునపాలతో వచ్చి, పూట తిరక్కుండానే గోడ పగలగొట్టి వెళ్లారు. తాను వేసిన పూత పెళ్లలు పెళ్లలుగా రాలుతుంటే సున్నమత్త చూస్తూ కూర్చుంది. ఆఫీసు గోడలు రోలరు కుర్రాళ్లకు వెళ్లాయి. గుమాస్తా ఇప్పుడు సందులోకి రాడు. ఆవిడకు అదొక లాభం.

మొదటి వారం సాయంత్రాలు ఏడుగురు వచ్చారు. ముళ్ల కంపలు కొట్టారు, ఇటుక ముక్కలు ఒకచోట పేర్చారు, పాటలు పెట్టుకున్నారు. రెండో వారం నలుగురు. మూడో వారం పరీక్షలని ఒకరు, ఓనరు వదలడం లేదని ఇంకొకరు, ఒంట్లో బాగాలేదని మరొకరు. ఒకరోజు ఇద్దరు, ఒకరోజు ఎవరూ లేరు. ఆ మరుసటి రోజూ లేరు. సున్నమత్త గుమ్మంలో కూర్చుని గోడలో కొత్త దారిలోంచి చూసేది. ఇదివరకు గోడ ఉన్నప్పుడు ఎవరూ కనబడకపోవడం మామూలే. ఇప్పుడు దారి ఉండి కూడా ఎవరూ కనబడకపోవడం కొత్త బాధ. ఎదురుచూడటం అలవాటు చేశారు పిల్లలు, అదే వచ్చిన చిక్కు. టీ కొట్టు దగ్గర ఒకరోజు, "మా వాళ్లు రాలేదు" అనేసింది. "మీ వాళ్లెవరు?" అన్నాడు వాడు. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసింది.

వరసగా నాలుగు రోజులు ఎవరూ రాకపోతే, అయిదో రోజు మధ్యాహ్నం లేచి, బుట్టలో పొడిసున్నం వేసుకుని, ఒక తాడు పట్టుకుని, ఆ దారిలోంచి మొదటిసారి లోపలికి అడుగుపెట్టింది. ఇన్నాళ్లూ పిల్లలు పని చేసుకుంటుంటే గుమ్మంలోంచే తిట్టింది గానీ లోపలికి వెళ్లలేదు. తాడు ఒక కొస రాయి కింద పెట్టి, రెండో కొస తానే పట్టుకుని లాగింది. పట్టుకునేవాళ్లు లేక రాయి రెండుసార్లు జారింది, రెండుసార్లు పెట్టింది. పదహారు అడుగులు పొడుగు, పద్నాలుగు వెడల్పు, గొడవపడి చివరికి తేల్చిన కొలత. పునాదికి మేస్త్రీలు గీసినట్టే నేల మీద సున్నం గీత పోసింది. ఉత్తరం వైపు రెండు కిటికీలకు రెండు ఖాళీలు వదిలింది. మధ్యలో అడ్డగోడ. తూర్పున తలుపు చోటు. నడుం పట్టేసి అక్కడే ఇటుకల మీద కూలబడింది.

ఎండ వాలాక జెరాక్స్ అమ్మాయి వచ్చింది, ఒక్కతే. నాలుగు రోజులు రాలేదన్న సిగ్గు మొహంలో ఉంది. గీతలు చూసి ఆగిపోయింది. చుట్టూ తిరిగి వచ్చి, తలుపు చోటు ముందు నిలబడింది. చెప్పులు విడిచింది. ఆ ఖాళీలోంచి లోపలికి అడుగుపెట్టి, ఉత్తరపు కిటికీ పక్కన మట్టిలో కూర్చుంది. సంచిలోంచి పుస్తకం తీసింది.

"వెలుతురు చాలుతోందా?" అంది సున్నమత్త ఇటుకల మీద నుంచే.

"చాలుతోంది. నువ్వూ లోపలికి రా అత్తా."

"చదువుకునే గదిలో నాకేం పని? చదువు."

అమ్మాయి చదువుకుంటోంది. సున్నమత్త దూరంగా కూర్చుని పేజీలు తిప్పే చప్పుడు వింటోంది. అంతలో గోడ దారిలోంచి పొడుగోడు ఈల వేసుకుంటూ వచ్చాడు, చేతుల నిండా గ్రీజు. ఫోనులో ఏదో చూసుకుంటూ, గీతలు చూడకుండా సరాసరి పడమటి వైపు నుంచి నడిచేస్తున్నాడు.

"ఒరేయ్ పొడుగోడా!" అని అరిచింది సున్నమత్త, అరడజను వీధులకు వినబడేట్టు. "గోడలోంచి నడుస్తావేంట్రా! తలుపు అటుంది!"

వాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. కిందికి చూశాడు. గొణుక్కుంటూ వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపులోంచి లోపలికి వచ్చాడు.